చూపి చెప్పడం: బడి పిల్లలు తమ వస్తువులను తోటివారికి పరిచయం చేసే కార్యక్రమం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వారానికి ఒక పూట ఒక్కొక్క విద్యార్థి ఇంటి నుంచో వీధి నుంచో ఒక వస్తువు తెచ్చి, తరగతి ముందు నిలబడి దాని గురించి నాలుగు మాటలు చెప్పి, తోటి పిల్లలు అడిగిన ప్రశ్నలకు జవాబిస్తాడు. ప్రైవేటు బడులలో దీనిని షో అండ్ టెల్ అంటున్నారు. మా తరగతిలో మేము చూపి చెప్పడం అంటాము. దీనిని మొదలుపెట్టాలనుకునే ఉపాధ్యాయులు, బడి నుంచి కబురు అందాక ఏమి పంపాలో తోచని తల్లిదండ్రులు ఇన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నలను, ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు బోధించిన అనుభవంతో నేను ఇస్తూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఇది ఎక్కడి పద్ధతి? మన బడులకు కొత్తదా?

ఈ పేరుతో, ఈ రూపంలో ఇది ఎక్కువగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల ప్రాథమిక పాఠశాలలలో స్థిరపడింది. దీని వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఇంకా పాతది. స్విట్జర్లాండుకు చెందిన విద్యావేత్త పెస్టలోజీ (1746–1827) పిల్లలు మాటల కంటే ముందు వస్తువును చూసి, తాకి, గమనించి నేర్చుకోవాలని బోధించాడు. ఆయన తరువాత 19వ శతాబ్దంలో వస్తుపాఠాలు అనేక దేశాల బడులలోకి వచ్చాయి. అయితే వస్తుపాఠంలో వస్తువును తెచ్చేది ఉపాధ్యాయుడే, ప్రశ్నలు వేసేదీ ఆయనే. చూపి చెప్పడంలో ఆ రెండు పనులూ పిల్లల చేతికి వస్తాయి, నా దృష్టిలో దీని బలమంతా అక్కడే ఉంది.

మన దేశంలో 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన బేసిక్ విద్య, చేతిపనిని చదువుకు కేంద్రంగా పెట్టాలన్నది. ఇంటి పనిముట్టు బడిలో అడుగుపెట్టడం మనకు పూర్తిగా పరాయి ఆలోచన కాదని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

దీనివల్ల పిల్లలకు ఏమి వస్తుంది?

తరగతి గదిలో ఒక రోజంతా పిల్లలు మాట్లాడే మాటలను లెక్కపెట్టి చూడండి. ఎక్కువ భాగం ఒక్క మాట జవాబులే ఉంటాయి: అవును టీచర్, కాదు టీచర్, పన్నెండు, హైదరాబాదు. ఉపాధ్యాయురాలికి ముందే తెలిసిన జవాబును తిరిగి ఆమెకే అప్పగించడంలో మాట పెరగదు. చూపి చెప్పేటప్పుడు ఆ గదిలో ఆ వస్తువు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినది దానిని తెచ్చిన బిడ్డకే. ఎదుటివారికి నిజంగా తెలియని సంగతిని వరుస తప్పకుండా, అర్థమయ్యేలా చెప్పవలసి వచ్చినప్పుడే మొదట ఏది చెప్పాలి, తరువాత ఏది చెప్పాలి అన్న ఆలోచన పుడుతుంది, రేపు రాయబోయే వ్యాసానికి పునాది కూడా అక్కడే పడుతుంది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుని, మౌఖిక భాషకు అందులో ప్రత్యేక స్థానం ఇచ్చింది. మౌఖిక భాష అభివృద్ధికి ఏమి చేయించాలని అడిగే ఉపాధ్యాయులకు నేను మొదట చెప్పేది దీని గురించే, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు.

ఎలాంటి వస్తువు పంపాలి? కొత్తగా ఏదైనా కొనాలా?

దయచేసి కొనకండి. అంగడిలో కొన్న బొమ్మ గురించి బిడ్డ చెప్పగలిగేది దాని రంగు, దాని ధర, కొనిచ్చినవారి పేరు. అంతటితో మాట ఆగిపోతుంది, పక్క పిల్లవాడికి తన దగ్గర అది లేదన్న బాధ ఒక్కటి మిగులుతుంది. ఎవరో ఒకరు వాడినది, చేసినది, ఏరుకున్నది, పోయి మళ్లీ దొరికినది అయితే మాట సాగుతుంది. అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చిన సోల, తాటాకు బూర, బావి గిలక, కొబ్బరి చిప్పతో చేసిన గరిటె, వానకు కొట్టుకువచ్చిన నున్నటి రాయి, నేతగాళ్ల ఇంటి నుంచి నాడె, దానిలో పెట్టే కండె, ఆగిపోయిన గడియారం, పిచ్చుక వదిలేసి పోయిన గూడు, తాత వాడిన కళ్లజోడు పెట్టె, ఇవన్నీ మా తరగతిలోకి వచ్చినవే. ఏటికొప్పాక లక్కబొమ్మో కొండపల్లి బొమ్మో ఇంట్లో ఉంటే సంతోషంగా తేవచ్చు. అయితే అది అంకుడు కర్రతో చేసినదా, పొనికి కర్రతో చేసినదా, ఎందుకు అంత తేలికగా ఉంది అన్నది బిడ్డ చేత్తో పట్టుకుని, ఇంట్లో అడిగి తెలుసుకుని రావాలి.

వస్తువును ఎన్నుకోవలసింది బిడ్డే. మీకు గొప్పగా అనిపించిన వెండి గిన్నె కంటే, వాడు జేబులో పెట్టుకుని తిరిగే సీసా మూత గురించి వాడికి చెప్పాలని ఉంటే ఆ మూతనే పంపండి.

మా ఇంట్లో చూపించదగ్గది ఏమీ లేదు. అప్పుడు ఏమి చేయాలి?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు వారి గొంతులో ఉండే సంకోచం కూడా నాకు బాగా తెలుసు. "మా ఇంట్ల ఏముంటయ్ టీచర్, చూపియ్యనీకి?" అని ఒక తల్లి బడి గేటు దగ్గర నిలబడి అన్న మాటకు జవాబుగా, ఆ మరుసటి సంవత్సరం మా తరగతిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

పెద్దపల్లి ప్రాంతపు ఇటుక బట్టీలలో పనికి ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. ఆ కుటుంబాలలో ఒకదానికి చెందిన మూడో తరగతి అబ్బాయి మా దగ్గర చేరాడు. తెలుగు ఇంకా పట్టుబడలేదు, రెండు నెలలు చివరి వరుసలోనే కూర్చున్నాడు. తన వంతు వచ్చిన రోజు గోనెసంచిలో చుట్టి ఒక చెక్క ఇటుక అచ్చు తెచ్చాడు. దాని అడుగున బట్టీ యజమాని పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. పిల్లలు చూసి అక్షరాలు తిరగబడి ఉన్నాయని అరిచారు. ఆ అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. బయటికి వెళ్లి బోరింగు దగ్గర తడిమట్టి తెచ్చుకుని, ముందు అచ్చు లోపల నాలుగు పక్కలా పొడి ఇసుక చల్లాడు. మట్టిని రెండు చేతులతో ఎత్తి ఒక్క దెబ్బకు అచ్చులో వేసి, మూలలు బొటనవేళ్లతో నొక్కి, పైన మిగిలినదానిని ఒక పుల్లతో గీసేసి, అచ్చును బోర్లించి నెమ్మదిగా పైకెత్తాడు. ఇటుక మీద అక్షరాలు సరిగ్గా వచ్చాయి. ఇసుక ఎందుకు చల్లావని ఒక అమ్మాయి అడిగింది. వాడు మళ్లీ అచ్చు తీసుకుని, ఈసారి ఇసుక చల్లకుండా మట్టి వేసి బోర్లించాడు. మట్టి అచ్చుకు అంటుకుపోయి సగమే ఊడింది. "అంటుతది" అన్నాడు. మా తరగతిలో వాడు పలికిన మొదటి తెలుగు మాట అదే. ఆ తరువాత పది నిమిషాలలో ఇసుక, మట్టి, నీళ్లు, ఎండ, మంట అన్న మాటలన్నీ పిల్లలు వాడికి అందించారు, వాడు తన భాషలో వాటిని ఏమంటారో వాళ్లకు చెప్పాడు.

ఇంట్లో పని ఉన్నప్పుడు పనిముట్టు ఉంటుంది, పనిముట్టు ఉన్నప్పుడు చెప్పడానికి బోలెడంత ఉంటుంది.

ఏవి తేకూడదు?

బంగారం, డబ్బు, ఖరీదైన ఫోన్లు, ఆధార్ కార్డు వంటి పత్రాలు, మందులు, అగ్గిపెట్టె, పదునైనవి. గీత కార్మికుల ఇంటి నుంచి వచ్చే బిడ్డ మోకును తేవచ్చు కానీ కత్తిని తేకూడదు. కత్తి గురించి చెప్పాలని ఉంటే బొమ్మ గీసి తెమ్మంటాను.

కొన్ని ప్రమాదాలు పెద్దలకు కూడా తట్టవు కాబట్టి వాటిని విడిగా చెబుతున్నాను. ఎర్రగా, నల్లటి చుక్కతో ముచ్చటగా ఉండే గురివింద గింజలను పిల్లలు తరచూ ఏరుకొస్తారు. కంసాలులు ఒకప్పుడు బంగారం తూచడానికి వాడిన గింజలు కాబట్టి చెప్పడానికి ఎంతో ఉన్న వస్తువే, కానీ ఆ గింజను నమిలితే లోపలి విషం ప్రాణం తీయగలదు. మూత బిగించిన గాజు సీసాలో పెట్టి, ఉపాధ్యాయురాలి చేతిలోనే ఉంచి చూపించాలి. ఒకటో తరగతిలో అయితే అసలు వద్దు. ఉమ్మెత్త కాయలు, గన్నేరు కాయలు కూడా అంతే. వెలుగులు చిమ్మే చిన్న బొమ్మలలో ఉండే బటన్ బ్యాటరీని మింగితే రెండు గంటలలోపే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, మూత స్క్రూతో బిగించి లేని బొమ్మను నేను లోపలికి రానివ్వను.

పెంపుడు జంతువులను, పక్షులను తేవచ్చా?

గది నిండా పిల్లలు అరుస్తుంటే ఆ ప్రాణి బెదిరి కరవవచ్చు, గీరవచ్చు. ఫొటో చాలు. రామచిలుకను, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. తెలియక పెంచుతున్న కుటుంబపు బిడ్డను తరగతిలో దోషిగా నిలబెట్టకుండా, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడడం మంచిది.

తరగతిలో నలభై మంది ఉంటే సమయం ఎలా సరిపోతుంది?

విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చెబుతున్నా, నలభై, యాభై మంది ఉన్న గదులు, రెండు మూడు తరగతులను ఒకే టీచరు చూసుకునే బడులు ఉన్నాయన్నది మనందరికీ తెలుసు. ఒక పూటలో అందరి చేతా చెప్పించాలని చూడకండి. పూటకు ఐదుగురు, ఒక్కొక్కరికి చెప్పడానికి మూడు నిమిషాలు, ప్రశ్నలకు మరో మూడు నిమిషాలు అనుకుంటే అరగంటలో అయిపోతుంది, నలభై మందికి ఎనిమిది వారాలలో ఒక వంతు పూర్తవుతుంది. ఎవరి వంతు ఏ శనివారమో గోడ మీద రాసి పెడితే పిల్లలు దాని కోసం ఎదురుచూస్తారు, ఇళ్లలో వెతుకులాట కూడా ముందే మొదలవుతుంది.

పెద్ద తరగతులలో ఇంకో మార్గం ఉంది. ఎనిమిది మందిని ఒక గుండ్రంగా కూర్చోబెట్టి, ప్రతి గుండ్రంలో ఒకరు చూపి చెబితే ఒకే సమయంలో ఐదుగురు మాట్లాడుతుంటారు. గోల ఎక్కువే, కానీ అందరి ముందు నోరు పెగలని బిడ్డ ఏడుగురి ముందు మాట్లాడుతుంది.

ఇంట్లో పిల్లలను ఎలా సిద్ధం చేయాలి?

రాసిచ్చి బట్టీ పట్టించకండి. "గుడ్ మార్నింగ్ ఎవ్రీబడీ, దిస్ ఈజ్ మై..." అని కళ్లు మూసుకుని అప్పగించే బిడ్డను ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే అక్కడే బిగుసుకుపోతుంది. దాని బదులు, రాత్రి అన్నం తినేటప్పుడు ఆ వస్తువును ముందు పెట్టుకుని మీరు వినండి. ఇది ఎవరిది, ఎక్కడిది, దేనితో చేశారు, ఎలా వాడతారు, ఇది లేకపోతే ఏమి చేసేవారు అని మామూలుగా అడగండి. మీకు కూడా తెలియని ప్రశ్న తగిలితే తాతకో నానమ్మకో ఫోను చేయించండి. మా పిల్లలలో చాలామంది తమ నానమ్మ చిన్నతనం గురించి మొదటిసారి విన్నది ఇటువంటి ఫోను మాటల్లోనే.

బిడ్డ అందరి ముందు నోరు విప్పకపోతే?

ఆగండి. అమెరికాకు చెందిన విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులను పరిశీలించి, ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దానిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని చూపింది. గది ముందు నిలబడిన బిడ్డ విషయంలో మూడు సెకన్లు కూడా తక్కువే. నేను మనసులో పది లెక్కపెడతాను. మౌనం మనకు ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి మనమే అందుకుని మాట్లాడేస్తాము, దానితో బిడ్డ నోటికి వస్తున్న మాట వెనక్కి పోతుంది.

అప్పటికీ మాట రాకపోతే వస్తువును చేతులు మార్చి అందరికీ చూపించి కూర్చోవచ్చు, స్నేహితుడిని పక్కన నిలబెట్టుకోవచ్చు, కూర్చున్న చోటు నుంచే చెప్పవచ్చు. నత్తి ఉన్న బిడ్డ మాటను మీరు పూర్తి చేయకండి, ఇతరులను చేయనివ్వకండి. "సిగ్గెందుకు, మాట్లాడు" అని అందరి ముందు తొందరపెట్టడం వల్ల ఏ బిడ్డకూ మాట రాగా నేను చూడలేదు.

ఇంటి యాసలో మాట్లాడితే దిద్దాలా?

దిద్దకూడదు. పాఠ్యపుస్తకపు భాష నేర్పడానికి ఐదు రోజులు మన చేతిలో ఉన్నాయి, ఈ అరగంట బిడ్డది. "గిట్ల తిప్పితె నీళ్లొస్తయ్" అన్న పిల్లవాడిని ఆపి "ఇలా తిప్పితే నీళ్లు వస్తాయి అనాలి" అంటే, వాడు చెప్పబోయిన మూడో వాక్యం మనకు ఎప్పటికీ వినిపించదు. తెలుగు వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940), సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని బడులు పెట్టించిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే మన బడులలో బిడ్డ ఇంటి మాటకు చోటు లేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

చెప్పే తీరు గురించి కూడా ఇదే అంటాను. సారా మైకేల్స్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఒకటో తరగతి పిల్లలు ఇలా చెప్పే సమయాన్ని రికార్డు చేసి 1981లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు పిల్లలు ఒకే విషయాన్ని పట్టుకుని సూటిగా చెబితే, మరికొందరు, ముఖ్యంగా నల్లజాతి పిల్లలు, ఒక సంఘటన నుంచి మరో సంఘటనకు అల్లుకుంటూ పోయేవారు. టీచరు మొదటి రకానికి చక్కగా చేయూతనిచ్చి, రెండో రకంలో తీగ అందక మధ్యలోనే ప్రశ్నలు వేసి ఆపేది. ఆ పిల్లలకు చెప్పడం రాక కాదు, వినేవారికి ఆ అల్లిక తెలియక. ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన ఇళ్లలో ముసలమ్మలు కథ చెప్పే తీరు. గొడుగు గురించి మొదలుపెట్టి, ఆ వానలో కొట్టుకుపోయిన మేక మీదుగా, మేకను పట్టుకొచ్చిన మేనమామ పెళ్లి దాకా వెళ్లి, చివరికి ఆ గొడుగు పెళ్లిలో వచ్చిందని ముగిస్తారు. పిల్లలు కూడా అలాగే చెబుతారు. గొడుగు దగ్గరికి వాళ్లే తిరిగి వస్తారు, మనం ఓపిక పట్టాలి.

వినే పిల్లలు ఏమి చేయాలి?

ముగ్గురు ప్రశ్నలు అడగాలి. మొదటి నెలలో అందరూ "ఎంతకు కొన్నారు?" అనే అడుగుతారు. ఉపాధ్యాయురాలు వెనుక వరుసలో పిల్లల మధ్య కూర్చుని, చెయ్యెత్తి, "దీనిని మొదట ఎవరు వాడారు?" "ఇది పాడైతే ఎలా బాగుచేస్తారు?" అని తానూ ఒక ప్రశ్న అడిగితే, రెండు మూడు వారాలలో అటువంటి ప్రశ్నలే పిల్లల నోట వస్తాయి.

మార్కులు, బహుమతులు ఇవ్వవచ్చా?

వద్దు. ఉత్తమ వస్తువు అని ఒకటి ప్రకటించిన రోజు నుంచి పిల్లలు కొనుక్కు రావడం మొదలుపెడతారు.

బిడ్డ కల్పించి చెబితే?

ఒక అబ్బాయి ప్లాస్టిక్ గోరు ఒకటి తెచ్చి తమ తాత చంపిన పులిదని చెప్పాడు. అది అబద్ధమని అందరికీ తెలుసు. "మీ తాత నిజంగా ఎప్పుడైనా అడవికి వెళ్లాడా?" అని మాత్రం అడిగాను. వెళ్లాడని, తునికాకు ఏరడానికి వెళ్లేవాడని, తెల్లవారుజామునే లేచేవాడని చెప్పుకొచ్చాడు, పులి సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. నిజమైన పులిగోరు ఉంచుకోవడం చట్టవిరుద్ధమని ఇంకో రోజు, ఇంకో పాఠంలో చెప్పాను.

వస్తువు పోయినా, పగిలినా బాధ్యత ఎవరిది?

నా నిర్లక్ష్యం వల్లే ఒకసారి ఒక పింగాణీ జాడీ మూత పగిలింది. చేతులు మార్చి చూడమన్నది నేనే, గచ్చు మీద కూర్చోబెట్టకుండా నిలబెట్టి అందించుకోమన్నదీ నేనే. ఆ అమ్మాయి ఏడవలేదు, సాయంత్రం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ల ఇంటికి వెళ్లి నేనే క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటి నుంచి పిల్లలు కింద కూర్చుని, చాప మీదనే వస్తువు అందించుకుంటారు, పగిలేవి బల్ల మీద నుంచి కదలవు. తెచ్చిన ప్రతి వస్తువునూ పొద్దున ఒక నోటుబుక్కులో రాసుకుని, బడి వదిలేముందు బిడ్డ సంచిలో నేనే పెట్టి పంపుతాను.

పాఠాలతో కలపవచ్చా?

ఆ వస్తువే దారి చూపిస్తుంది. సోల వచ్చిన రోజు ఇంకొకరి ఇంటి నుంచి తవ్వ, మానిక తెప్పించి బియ్యం కొలిచాము. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పిల్లలే కనిపెట్టి, మానికకు ఎన్ని సోలలో నేను అడగకముందే చెప్పారు. ఒక అమ్మాయి తాత దాచిన 25 పైసల బిళ్ల తెచ్చింది. 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయిన ఆ బిళ్లను తాత చారాణా అంటాడట, ఎందుకని ప్రశ్న వచ్చింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రాకముందు రూపాయికి 16 అణాలు ఉండేవని, నాలుగు అణాలంటే రూపాయిలో నాలుగో వంతని బోర్డు మీద లెక్క వేశాక, చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెతలో మసాలా కోడి కంటే ఎన్ని రెట్లో ఐదో తరగతి పిల్లలు తేల్చేశారు.

విదేశాలలో ఉన్న మా పిల్లల బడిలో షో అండ్ టెల్ ఉంది. తెలుగుదనం ఉన్నది ఏమి పంపాలి?

పండుగ బట్టలు, దేవుడి బొమ్మల కంటే, తోటి పిల్లలు చేత్తో పట్టుకుని ఆడదగ్గది పంపడం మంచిది. వామనగుంటల పీట, చింతపిక్కలు ఉంటే చాలు. రెండు వరుసలలో పద్నాలుగు గుంటలు చూపించి ఒక ఆట ఆడిస్తే, ఏ దేశపు పిల్లలకైనా అర్థమవుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు తమ దగ్గర కూడా ఇటువంటి గుంటల ఆట ఉందని చెప్పే అవకాశం ఉంది. పీట లేకపోతే గుడ్ల అట్టపెట్టె పనికొస్తుంది.

మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలి?

ముందు మీ వస్తువు మీరు తీసుకెళ్లండి. మా అమ్మ మజ్జిగ చిలికిన కవ్వం నేను తీసుకెళ్లాను. దాని కర్ర మీద తాడు ఒరుసుకుని పడిన గాడిని వేలితో తడిమి చూపించి, తెల్లవారకముందే మా ఇంట్లో వినిపించే చప్పుడు గురించి మూడు నిమిషాలు చెప్పి, ప్రశ్నలు అడగమన్నాను. చాలాసేపు ఎవరూ అడగలేదు. తరువాత మొదటి వరుసలోని ఒక చిన్నపిల్ల లేచి, "మీ అమ్మకు చేతులు నొయ్యకపోయేదా టీచర్?" అని అడిగింది.